ఇంట్లో సంరక్షణలో ఉన్న అమ్మ మాట్లాడటం తగ్గించేస్తే

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 76 ఏళ్లు, తెనాలిలో సొంతింట్లో ఉంటారు. నాన్నగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. నాలుగు నెలల కిందట అమ్మగారు బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇరవై నాలుగు గంటలూ ఉండే అటెండెంట్‌ను పెట్టారు. తమ్ముడు వారానికోసారి విజయవాడ నుంచి వచ్చి చూసి వెళ్తున్నారు, మీరు డల్లాస్ నుంచి రోజూ వీడియో కాల్ చేస్తున్నారు. అయినా నెలన్నరగా ఆవిడ మాట తగ్గిపోయింది. రెండు ముద్దలు తిని చాలంటున్నారు, సాయంత్రమైతే ఏడుస్తున్నారు, "ఆ దేవుడు నన్ను తీసుకుపోతే బాగుండు" అంటున్నారు. డాక్టరు రిపోర్టులన్నీ నార్మల్ అన్నారట, తమ్ముడు "వయసైపోయింది కదా, అంతే" అంటున్నారట.

నేను ఆసుపత్రిలో నర్సుగా చేసి, తరువాత చాలా ఏళ్లుగా ఇళ్లలో పెద్దవాళ్ల సంరక్షణ చూస్తున్నాను, అటెండెంట్లకు పని నేర్పుతున్నాను. ముందుగా చెప్పాల్సింది, ఇది వయసు కాదు. వయసుతో నడక నెమ్మదిస్తుంది, పేర్లు గుర్తుకు రావడం ఆలస్యమవుతుంది. తిండి మీదా మనుషుల మీదా ఆసక్తి పోవడం వయసు లక్షణం కాదు, అది జబ్బు లక్షణం. డిప్రెషన్ అవునో కాదో డాక్టరే తేల్చాలి గానీ మీరు చెప్పినవన్నీ అటే చూపిస్తున్నాయి. మన దగ్గర ఇది ఎంతగా దాగిపోతుందో 2017-18లో పెద్దవయసువాళ్ల ఆరోగ్యం మీద దేశమంతా చేసిన లాసి అనే సర్వే చూస్తే తెలుస్తుంది. 60 దాటినవాళ్లలో లక్షణాలను బట్టి చూస్తే 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండవచ్చని తేలింది. డాక్టరు గుర్తించి చెప్పినవాళ్లు మాత్రం ఒక శాతం కూడా లేరు. పెద్దవాళ్లు "దిగులుగా ఉంది" అని చెప్పరు. నీరసం అంటారు, అరగడం లేదంటారు, కాళ్లు లాగుతున్నాయంటారు. మనం గ్యాస్ మాత్ర, బలానికి టానిక్ ఇచ్చి ఊరుకుంటాం.

మనసు సంగతికి వెళ్లేముందు ఒంటి సంగతి ఒకటి తేల్చుకోవాలి. "రిపోర్టులన్నీ నార్మల్" అన్నప్పుడు ఏయే రిపోర్టులో తమ్ముణ్ణి కాగితాలు తీసి చదవమనండి. ఎముక ఆపరేషన్ తరువాత సాధారణంగా ఎక్స్‌రే, హిమోగ్లోబిన్, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. వాటితోపాటు సోడియం, థైరాయిడ్ (టీఎస్‌హెచ్), బి12, మూత్ర పరీక్ష చేయించారా? కొన్ని బీపీ మాత్రల్లో కలిపి ఉండే, మూత్రం ఎక్కువగా పోయించే మందు పెద్దవాళ్లలో సోడియం తగ్గిస్తుంది. సోడియం తగ్గితే మనిషి మందగించిపోతారు, తిండి సయించదు, మాట తడబడుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బి12 తగ్గవచ్చు, శాకాహారులైతే ఇంకా తేలిగ్గా తగ్గుతుంది. థైరాయిడ్ తక్కువైనా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది. ఇవి మందుతో సర్దుకునేవి కాబట్టి ముందు వీటిని చూడటమే న్యాయం.

మందుల డబ్బా కూడా ఒకసారి ఫోటో తీసి పంపమనండి. ఆసుపత్రిలో రాత్రిళ్లు నిద్ర పట్టలేదని ఇచ్చిన ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్ర ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి అలాగే నడుస్తూ ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. దానివల్ల పగలంతా మత్తు, నడకలో తూలు, మళ్లీ పడిపోయే ప్రమాదం. జలుబుకీ దురదకీ వాడే కొన్ని మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా పెద్దవాళ్ల మతిని మసకబరుస్తాయి. అయితే నిద్రమాత్రను మీరే ఒక్కసారిగా ఆపించకండి. చాలాకాలం వాడినదాన్ని డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లమెల్లగా తగ్గించాలి.

ఇంకో తేడా బాగా గుర్తుపెట్టుకోండి, అటెండెంట్‌కి కూడా చెప్పండి. నెమ్మదిగా వారాల మీద వచ్చిన మార్పు వేరు, రెండు రోజుల్లో వచ్చిన మార్పు వేరు. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడినా, లేనివాళ్లు కనిపిస్తున్నారన్నా, రాత్రంతా లేచి కూర్చున్నా, లేదా లేపినా లేవకుండా మగతగా పడి ఉన్నా, దాన్ని డెలీరియం అంటారు. చాదస్తం అనో గాలి సోకిందనో ఇంట్లో ఆగిపోతారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు చాలకపోవడం, సోడియం, షుగర్ పడిపోవడం, ఏదో ఒక మందు, ఇలాంటి కారణం వెనక ఉంటుంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆవిడ జారిపడ్డారు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. తలకు తగిలిన చిన్న దెబ్బకు కూడా పెద్దవాళ్లలో లోపల రక్తం వారాల తరబడి నెమ్మదిగా చేరవచ్చు, రక్తం పలుచబడే మందు వాడితే ఆ ప్రమాదం ఎక్కువ. తలనొప్పి, పగటి మగత, ఒకవైపు చేయో కాలో బలహీనపడటం ఉంటే తల స్కాన్ సంగతి డాక్టరును అడగండి.

ఇక "తీసుకుపోతే బాగుండు" అన్న మాట. మన పెద్దవాళ్లు ఈ మాట ఊరికే కూడా అంటారు. దాన్ని ఊరికే అన్నారని మనమే తీర్మానించుకోకూడదు. చాలామంది "అలా అనకమ్మా, అశుభం" అని నోరు మూయిస్తారు. దాంతో ఆ మాట ఆగుతుంది, ఆలోచన ఆగదు. నేరుగా అడగండి: "అమ్మా, పోతే బాగుండు అంటున్నావు కదా, నీ అంతట నువ్వు ఏమైనా చేసుకోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం అక్కర్లేదు. అలా జరగదు. అడిగినందుకు ఊరట పడ్డవాళ్లనే నేను చూశాను. అవునన్నా, జవాబు దాటేసినా, మాత్రలు మింగకుండా దాస్తున్నా, గాజులూ గొలుసూ ఎవరెవరికో అని పంచేస్తున్నా ఆలస్యం చేయకండి. మాత్రల డబ్బా అటెండెంట్ చేతిలో తాళం వేసి ఉండాలి, ఇంట్లో పొలం మందులు ఉంటే ఆ రోజే తీయించేయాలి, ఆవిణ్ణి ఒంటరిగా వదలకూడదు, సైకియాట్రిస్టుకు వెంటనే చూపించాలి. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ప్రభుత్వానిదే, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తమ్ముణ్ణి అక్కడి నుంచి చేయమనండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయం. ఇంటి సంరక్షణ బాగా జరుగుతోందని మనం దేన్ని చూసి అనుకుంటాం? వేళకు స్నానం, వేళకు మందు, వేళకు తిండి, పుండ్లు పడని ఒళ్లు. ఇవన్నీ కావాల్సినవే. కానీ వీటిలో ఏ ఒక్కదాంట్లోనూ ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఏభై ఏళ్లు ఒక ఇంటిని నడిపిన మనిషి. ఏం కూర వండాలో, పాలవాడికి ఎంతివ్వాలో, ఎవరి పెళ్లికి ఎంత చదివించాలో తనే తేల్చిన మనిషి. తుంటి విరిగిన రోజు నుంచి ఆవిడ చేతిలో ఒక్క నిర్ణయం కూడా లేదు. పొద్దున ఎప్పుడు లేవాలో కూడా ఏజెన్సీ వాళ్ల చార్టు చెబుతుంది. దీనికి తోడు భర్త పోయిన దుఃఖం. ఇలా ఉన్న మనిషి మాట్లాడటం తగ్గించారంటే నాకు ఆశ్చర్యం లేదు.

అందుకే అటెండెంట్‌కు నేను మొదటి రోజు చెప్పేది ఒకటే. ఏ పనైనా చేసేముందు అడుగు, జవాబు వచ్చేదాకా ఆగు. "మామ్మగారూ, స్నానం ఇప్పుడా, టిఫిన్ అయ్యాకా?" "ఇవాళ ఏ చీర తీయమంటారు?" ఆవిడ నైటీ వద్దు, చీరే కట్టమంటే పది నిమిషాలు ఎక్కువైనా చీరే కట్టాలి. "నీ ఇష్టం" అన్న జవాబే మొదట్లో రోజుల తరబడి వస్తుంది. అయినా అడగడం మానకూడదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది డైపర్ సంగతి. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగల మనిషికి కూడా పని తేలికని డైపర్ వేసి ఉంచుతారు. లేవబోతే "డైపర్ ఉందిగా, అందులోనే పోసెయ్యండి" అంటారు. అప్పటిదాకా గౌరవంగా బతికిన మనిషికి ఆ మాట ఎంత పెద్ద దెబ్బో ఊహించండి. ఆ అవమానం తప్పించుకోవడానికి ఆవిడ నీళ్లు తాగడం తగ్గిస్తారు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, దాంతో మతి తప్పడం, ఆసుపత్రి. ఇదంతా ఒకదాని వెంట ఒకటి వస్తుంది. మీ అమ్మగారు వాకర్‌తో బాత్రూంకి వెళ్లగలరో లేదో ఫిజియోథెరపిస్టును అడగండి. నాలుగు నెలలు దాటింది కాబట్టి చాలామందికి సాధ్యమే. రాత్రి పూట మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టించండి. డైపర్ అవసరమైతే బయటికి వెళ్లేటప్పుడు వేస్తే చాలు. తలుపు వేసి, ఒక దుప్పటి కప్పి పని చేయడం అటెండెంట్‌కి నేర్పాలి.

మంచం ఎక్కడ వేశారో కూడా చెప్పలేదు మీరు. వెనక గదిలో అయితే ముందు గదిలోకి మార్పించండి, పొద్దునా సాయంత్రం వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టమనండి. వీధిలో పోయేవాళ్లు "ఎలా ఉన్నారు పిన్నిగారూ" అని పలకరించాలి. పగటి వెలుగు ఒంటి మీద పడితే రాత్రి నిద్ర కూడా మెరుగుపడుతుంది. కళ్లజోడు, పళ్ల సెట్టు, చెవి మిషను ఉంటే అవి ఎక్కడున్నాయో కనుక్కోండి. ఆసుపత్రి సంచిలోంచి బయటికే రాని కళ్లజోళ్లు నేను చూశాను. వినపడకపోతే మనిషి నలుగురిలో కూర్చుని కూడా ఒంటరే అవుతారు, మాట్లాడటం మానేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని మతిమరుపు అనుకుంటారు. చెవిలో గుమిలి తీయిస్తేనే మనిషి తేరుకున్న ఇళ్లున్నాయి.

తరువాత, ఆవిడ చేతికి పని కావాలి. కాలక్షేపం కోసం కాదు, ఆ పని నిజంగా ఇంటికి పనికొచ్చేదై ఉండాలి. దీపానికి వత్తులు చేయడం, చింతపండులో గింజలు తీయడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, పూలు కట్టడం, ఇవన్నీ కుర్చీలో కూర్చుని చేసేవే. ఉప్పూ కారం పాళ్లు చెబుతూ వంట దగ్గర కూర్చోవడం కూడా పనే. చాలా ఇళ్లలో "మీరు రెస్టు తీసుకోండి" అని చేతిలోంచి లాగేసుకుంటారు. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ ప్రేమ ఆవిణ్ణి ఇంటికి అక్కర్లేని మనిషిని చేస్తుంది. మగవాళ్లయితే కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, పేపరు వాడి లెక్క వాళ్లకే వదిలేయాలి.

చేతిలో డబ్బు సంగతి మీలాంటి పిల్లలకు అసలు తట్టదు. మీరు అన్నీ ఫోన్లోనే కట్టేస్తారు, ఆవిడ పర్సు ఖాళీ. మనవడు వస్తే చేతిలో పెట్టడానికి వంద రూపాయలు ఉండవు, కూరలమ్మితో బేరం ఆడే అవకాశం ఉండదు. కొన్ని చిన్న నోట్లు ఆవిడ దిండు కింద ఉండేలా చూడండి. లెక్క అడగకండి.

నాన్నగారి గురించి. మీ ఉత్తరంలో ఆయన ప్రస్తావన ఒక్క వాక్యంలో అయిపోయింది. ఇంట్లో కూడా అలాగే ఉండి ఉంటుంది, అమ్మ ఏడుస్తుందని ఎవరూ ఆయన పేరెత్తరు. ఆయన పోయిన ఏడాదిలోనే ఆవిడ కాలు విరిగింది. ఏటిసూతకమని పండగల్లేవు, గుడి లేదు, చుట్టాల రాకపోకలు తగ్గాయి. దీనికి తోడు మన ఆచారాల్లో విధవరాలికి జరిగేవి మీకు తెలుసు. గాజులు తీయడం, పేరంటానికి పిలవకపోవడం, ఎవరైనా బయల్దేరుతుంటే "నేను ఎదురు రాకూడదు" అని తనే తలుపు వెనక్కి తప్పుకోవడం. ఆవిడే వాటిని నమ్మి పాటిస్తుండవచ్చు. మీరు ఆవిడ నమ్మకంతో వాదించకండి. మీ వైపు నుంచి మాత్రం "నాకు నువ్వు ఎదురు రావాలమ్మా, నీ చేత్తోనే బొట్టు పెట్టించుకుంటా" అనవచ్చు. కూతురు అంటే ఆ మాటకు విలువ ఎక్కువ.

ఆయన గురించి మాట్లాడించండి. సంవత్సరీకం దగ్గర పడుతోంది కదా. ఏం వండించాలి, ఎవరెవర్ని పిలవాలి, ఆయన పేర ఎవరికి భోజనం పెట్టించాలి అన్నది ఆవిణ్ణే నిర్ణయించమనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. సెలవు ఒక్కసారే దొరుకుతుందంటే ఆ రోజులకే రండి. సాయంత్రాలు ఏడుస్తున్నారన్నారు, బహుశా అది ఆయన ఇంటికొచ్చే వేళో ఇద్దరూ కలిసి కాఫీ తాగే వేళో అయి ఉండవచ్చు, అడిగి చూడండి. ఆ గంట ఖాళీగా ఉండకూడదు. చీకటి పడకముందే లైట్లు వేయించండి. ఎదురింటావిణ్ణో ఆవిడ స్నేహితురాలినో ఆ వేళకు వచ్చి కాసేపు కూర్చోమని మీరే ఫోన్ చేసి అడగండి. విష్ణు సహస్రనామం అలవాటున్నవాళ్లకు అదీ, ప్రార్థన అలవాటున్నవాళ్లకు సంఘం వాళ్లు ఇంటికి రావడమూ చాలా బలం ఇస్తాయి. అలవాటు లేనివాళ్ల మీద మాత్రం రోజంతా భక్తి ఛానెల్ రుద్దకూడదు.

మీ వీడియో కాల్ సంగతి కూడా చెబుతాను, నొచ్చుకోకండి. "తిన్నావా, మందేసుకున్నావా, మోషన్ అయిందా" అన్న ప్రశ్నలు నర్సు అడగాల్సినవి. అవి అటెండెంట్‌ను వేరే కాల్‌లో అడగండి. ఆవిడ ముందు స్పీకర్లో ఆవిడ గురించి మూడో మనిషిలా మాట్లాడకండి. అమ్మను మాత్రం మీకు నిజంగా కావాల్సింది అడగండి. గోంగూర పచ్చడి చేదెక్కితే ఏం చేయాలి, పెదనాన్నకూ మనకూ పొలం గొడవ ఎలా మొదలైంది, నేను పుట్టినప్పుడు వాన పడిందా. ఫోను గోడకు ఆనించి మీరు వంట చేసుకుంటుంటే ఆవిడ ఊరికే చూస్తూ కూర్చున్నా మంచిదే. కాల్ వేళ రోజూ ఒకటే ఉంటే ఆవిడ దానికోసం తల దువ్వుకుని కూర్చుంటారు.

గదిలో కెమెరా పెట్టాలన్న ఆలోచన ఉందని రాశారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆవిడకు చెప్పకుండా, ఒప్పుకోకుండా వద్దు. బట్టలు మార్చే చోట, స్నానం చేయించే చోట ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గుమ్మం వైపో హాల్లోనో ఒకటి పెట్టి, ఇద్దరికీ చెప్పి పెడితే తప్పు లేదు. అటెండెంట్ కొడుతోందనో కసురుతోందనో అనుమానం ఉంటే కెమెరా కంటే చెప్పకుండా ఇంటికి వచ్చి వెళ్లే బంధువు మేలు. పెద్దవాళ్ల మీద దౌర్జన్యం, నిర్లక్ష్యం ఉంటే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కు చెప్పవచ్చు.

అటెండెంట్ కూడా మనిషే. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే ఎవరూ ఇరవై నాలుగు గంటలు ఓపిగ్గా ఉండలేరు. శ్రీకాకుళం వైపు నుంచో ఒడిశా నుంచో ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయి అయితే తనకూ దిగులే. రాత్రి నిద్ర, పగలు రెండు గంటలు విరామం, వారానికో పూట సెలవు ఇప్పించండి, ఆ పూటకు తమ్ముడో బంధువో ఉండాలి. చిన్న చిన్న తప్పులకు మనిషిని మార్చేయకండి. ఒంటిని ముట్టుకునే మనిషి తరచూ మారిపోతుంటే పెద్దవాళ్లు కొత్తవాళ్లతో మాట కలపడం మానేస్తారు. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే పాతమ్మాయి, కొత్తమ్మాయి ఒకటి రెండు రోజులు కలిసి ఉండేలా ఏజెన్సీని అడగండి. అమ్మగారి గురించి ఒక కాగితం రాసి గోడకు అంటించండి. ఏమని పిలిస్తే ఇష్టం, కాఫీలో చక్కెర ఎంత, ఏ ఊరి ఆడపడుచు, ఏం మాట్లాడితే నవ్వుతారు. ఇవి మందుల చార్టు పక్కనే ఉండాలి.

తమ్ముడి మీద కోపం పెట్టుకోకండి. "వయసు" అనడం వెనక చాలాసార్లు చేతకాని బాధ, అలసట ఉంటాయి. దగ్గరున్నవాళ్ల టెన్షన్ దూరం నుంచి కనిపించదు. డాక్టరు అపాయింట్‌మెంట్లు, మందుల ఆర్డర్లు, ఏజెన్సీతో మాటలు మీరు డల్లాస్ నుంచే చేయవచ్చు. ఆయన వచ్చిన రోజు ఆ పనులతో కాకుండా అమ్మ పక్కన కూర్చోవడంతో గడవాలి.

ఇక వైద్యం. సైకియాట్రిస్టు అనగానే మనవాళ్లు "ఎర్రగడ్డకు పంపిస్తారా" అని బెదిరిపోతారు. ఇప్పుడు గుంటూరు, విజయవాడల్లో మామూలు ఆసుపత్రుల్లోనే సైకియాట్రిస్టులు ఉన్నారు. 2020 నుంచి టెలిమెడిసిన్ మార్గదర్శకాలున్నాయి కాబట్టి చాలామంది వీడియోలో కూడా చూస్తున్నారు. తమ్ముడు ఇంట్లో ఉన్న రోజు పెట్టుకుంటే మీరూ కలవవచ్చు. పదిహేను అవును, కాదు ప్రశ్నలతో పెద్దవాళ్లలో డిప్రెషన్ అంచనా వేసే జీడీఎస్ అనే పట్టిక ఉంది, అది చేయమని అడగండి. మందు రాస్తే వెంటనే గుణం కనిపించదు, రెండు నుంచి నాలుగు వారాలు, పెద్దవాళ్లలో ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పది రోజులకే "పనిచేయడం లేదు" అని ఆపేయకండి. ఈ మందుల్లో కొన్ని సోడియం తగ్గిస్తాయి కాబట్టి మొదటి వారాల్లో రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో అడిగి రాసుకోండి. నిద్రమాత్రల్లాగా ఇవి అలవాటు పడే మందులు కావు, అయితే డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపకూడదు.

మార్పు వచ్చేటప్పుడు సాధారణంగా ముందు నిద్ర, తిండి కుదుటపడతాయి, మాట, నవ్వు తరువాత వస్తాయి. కాబట్టి ఇవాళ్టి నుంచే ఒక నోటు పుస్తకంలో ఎన్ని ముద్దలు తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, ఎంతసేపు పడుకున్నారు, ఎవరితో మాట్లాడారు అని అటెండెంట్‌ను రోజూ రాయమనండి. నెలకోసారి బరువు చూడండి. డాక్టరుకు మీ మాటకంటే ఆ పుస్తకం ఎక్కువ పనికొస్తుంది. మధ్యలో ఎప్పుడైనా తిండీ నీళ్లూ పూర్తిగా మానేస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, ఆ రోజే ఆసుపత్రిలో చేర్పించండి.